తప్పడానికి చోటుండేది

సంక్రాంతి వెళ్లి పట్టుమని పది రోజులు కాలేదు. మా మనవడు పదో తరగతి పరీక్షలు ఇంకా రాయనే లేదు. వాడి ఇంటర్మీడియట్ సీటు గురించి మాట్లాడటానికి ఒక కాలేజీ పీఆర్వో ఇంటికి వచ్చాడు. ఇప్పుడు బుక్ చేసుకుంటే ఫీజులో ఇంత తగ్గిస్తామన్నాడు, మార్చి దాటితే ఆ తగ్గింపు ఉండదన్నాడు. ఏసీ క్యాంపస్‌కి ఒక రేటు, మామూలు క్యాంపస్‌కి ఒక రేటు చెప్పాడు. మా అబ్బాయి, కోడలు పెళ్లి సంబంధం మాట్లాడుతున్నంత శ్రద్ధగా విన్నారు. చివర్లో ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఎంపీసీయా, బైపీసీయా సార్?"

అడిగింది మా అబ్బాయిని. చదవబోయేవాడు గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వాడి వంక ఎవరూ చూడలేదు. "ఎంపీసీ" అన్నాడు మా అబ్బాయి. ట్యాబ్‌లో టిక్కు పడింది, ఫోన్లోనే అడ్వాన్సు వెళ్లిపోయింది. ఆయనకిచ్చిన కాఫీ చల్లారేలోగా అంతా అయిపోయింది.

రాత్రి పక్కలు వేసుకునే వేళ వాణ్ణి అడిగాను. "నీకేం చదవాలని ఉందిరా?"

"తెలీదు తాతయ్యా" అన్నాడు. కాసేపు ఊరుకుని, "ఎవరూ ఎప్పుడూ అడగలేదు కదా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చరిత్ర చెప్పి బతికినవాణ్ణి. 1976లో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరి 2009లో దిగిపోయేదాకా ముప్పై మూడేళ్లు పదహారు, పదిహేడేళ్ల పిల్లల మధ్యే గడిపాను. మా రోజుల్లో కాలేజీలు తక్కువ, డబ్బు అంతకన్నా తక్కువ. చుట్టుపక్కల పది ఊళ్లకి ఒక హైస్కూలు ఉంటే గొప్ప. కానీ ఏం చదవాలన్న మాట మాత్రం చదివేవాడి నోట్లోంచే రావాలి. వాడికి తెలియకపోతే తెలిసేదాకా ఆగేవారు.

మా హైస్కూల్లో తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఒక ప్రశ్న ఎదురయ్యేది: కాంపోజిట్ లెక్కలా, జనరల్ లెక్కలా? లెక్కల మీద మనసున్నవాళ్లకి కాంపోజిట్, మిగిలినవాళ్లకి జనరల్. అప్పట్లో స్కూలు చదువు పదకొండో తరగతి దాకా ఉండేది. మొదలియార్ కమిషన్ 1953లో ఇచ్చిన రిపోర్టులో హైస్కూలు పిల్లలకి ఏడు రకాల దారులుండాలని రాశారు: భాషలు, చరిత్రలాంటివి ఒకటి, సైన్సు ఒకటి, ఇంకా సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం. ఆ ఏడూ మా జిల్లా పరిషత్ హైస్కూలు దాకా రాలేదు. మాకు దక్కింది ఆ రెండు రకాల లెక్కలే. అయినా ఆ రెండింటి మధ్య నిలబడి ఆలోచించుకున్న వారం రోజులు నాకు ఇప్పటికీ గుర్తే.

మా నాన్నకి రెండెకరాల సొంత పొలం, మూడెకరాల కౌలు. సంతకం చేయగలడు, పేపరు కూడబలుక్కుని చదవగలడు. నేను వెళ్లి అడిగితే, పార కడుక్కుంటూ, "చదివేది నువ్వు. నాకేం తెలుసురా? మాస్టార్ని అడుగు" అన్నాడు. మాస్టారేమో, "నన్నడిగితే ఏం లాభం? నీకు ఏది చేస్తుంటే టైము తెలీదో చూసుకో" అన్నారు. చదువు రాని తండ్రి చదువు విషయంలో కొడుకు మాటకి అంత విలువ ఇచ్చాడు. ఇద్దరూ ఇంజనీర్లయిన తల్లిదండ్రులు ఈనాడు ఆ మాటే అడగడం లేదు. ఈ తేడా నాకు మింగుడు పడదు.

నేను ఎంచుకున్నది తప్పే. నాకు టైము తెలియకుండా పోయేది సోషల్ క్లాసులో. సోషల్ మాస్టారు ఒక ఆదివారం మమ్మల్ని భట్టిప్రోలు నడిపించి తీసుకెళ్లారు. అక్కడి స్తూపం దిబ్బ మీద నిలబెట్టి, 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన ఇక్కడ తవ్విస్తే రాతి పెట్టెలు బయటపడ్డాయనీ, వాటి మీద క్రీస్తు పూర్వపు అక్షరాలున్నాయనీ చెప్పారు. మా ఊరికి నడిచిపోయేంత దూరంలో రెండువేల ఏళ్లనాటి మనిషి ఒకడు కూర్చుని అక్షరాలు చెక్కాడన్న సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. అయినా స్నేహితులంతా కాంపోజిట్ తీసుకున్నారని నేనూ తీసుకున్నాను. 1967లో తెనాలి వెళ్లి పీయూసీలో లెక్కల గ్రూపులోనే చేరాను. 1968 మార్చి పరీక్షల్లో లెక్కలు తప్పాను.

తప్పాను అని ఇంటికొచ్చి చెబితే మా నాన్న, "తప్పితే తప్పావులే. నాట్లు దగ్గర పడ్డాయి, రా" అన్నాడు. అంతే. ఊళ్లో ఎవరూ వింతగా చూడలేదు, ఎందుకంటే వీధికొకడు తప్పినవాడు ఉండేవాడు. సెప్టెంబరులో మళ్లీ రాసి గట్టెక్కాను. కానీ కాలేజీలో చేరాలంటే మళ్లీ జూన్ దాకా ఆగాలి. ఏడాది పోయింది అంటారు ఇప్పటివాళ్లు. నాకు ఆ ఏడాదే దొరికింది.

పొద్దున పొలం, సాయంత్రం లైబ్రరీ. 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చాక జిల్లా గ్రంథాలయ సంస్థ మా ఊళ్లో ఒక శాఖ పెట్టింది. ఒక గది, రెండు బల్లలు, నాలుగు బీరువాలు. మా నాన్న మేనమామలు కాలువ గట్టు ఊళ్లవాళ్లు. పాతూరి నాగభూషణం గారు 1935లో పెదవడ్లపూడి నుంచి కాలువ మీద బోటులో పుస్తకాలు పంపించేవారనీ, బోటు రేవుకి వచ్చిందంటే చేలో పని వదిలేసి వచ్చేవాళ్లుండేవారనీ నాన్న చెప్పేవాడు. పుస్తకం మీద మా ఇంట్లో అలాంటి గౌరవం ఉండేది. నేను సాయంత్రం లైబ్రరీకి పోతుంటే ఎక్కడికని అడిగినవాళ్లు లేరు. ఆ నాలుగు బీరువాల్లో చరిత్ర ఉన్న బీరువా ఖాళీ చేసేసరికి నాకు అర్థమైంది నేనేం చదవాలో. 1969 జూన్‌లో బీఏలో చేరాను. తర్వాత వాల్తేరులో ఎంఏ చదువుతుండగా జై ఆంధ్ర ఉద్యమం వచ్చి నెలల తరబడి కాలేజీలు మూతపడ్డాయి. దానివల్ల కూడా నేను చెడిపోలేదు.

ఇంత సొద ఎందుకు చెబుతున్నానంటే, మా తరానికి ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచిస్తే నాకు కనపడేది ఇదే. తప్పడానికి చోటుండేది. పరీక్ష తప్పినా, దారి తప్పినా, వెనక్కి వచ్చి ఇంకో దారి పట్టడానికి పెద్దగా ఖర్చయ్యేది కాదు. నాలుగైదు బస్తాల ధాన్యం అమ్మితే ఏడాది కాలేజీ ఫీజూ పుస్తకాలూ వెళ్లిపోయేవి. ఇప్పుడు లక్షలు ముందే కట్టేసిన గ్రూపుని ఏ పిల్లవాడు వద్దనగలడు? వాడు నోరు తెరవకముందే వాడి నోటికి అప్పు అడ్డం పడుతోంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కూడా ఆ చోటు ఉండేది. పీయూసీ పోయి 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో దానికో బోర్డు వచ్చింది. మా కాలేజీలో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ నాలుగు గ్రూపులూ ఒకే వరండాలో నాలుగు గదులు. జులై, ఆగస్టుల్లో పిల్లలు గది మారడం మామూలు. ఒక కుర్రాడు బైపీసీలో చేరి, కప్పని కోయలేక మా గది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. "ఇక్కడ కూర్చోవచ్చా సార్?" అన్నాడు. కూర్చోమన్నాను. వారం కూర్చుని, నచ్చాక, తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చాడు. ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారు. ఆ కుర్రాడు తర్వాత డీఎస్సీ రాసి సోషల్ టీచరయ్యాడు, రిటైరూ అయ్యాడు. మొన్న కనిపించినప్పుడు ఆ తెల్లకాగితం సంగతి వాడే గుర్తు చేశాడు.

1986లో ఎంసెట్ వచ్చింది. పోటీ పరీక్ష తప్పని నేను అనను. మార్కుల పేరుతో, సిఫార్సుల పేరుతో జరిగేవి చూసినవాణ్ణి కనుక, పేదింటి పిల్లకి ఒక పరీక్ష రాసి సీటు తెచ్చుకునే వీలు రావడం మంచిదే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత జరిగిందే వేరు. ఆ పరీక్షకు కావలసిన రెండు గ్రూపులే చదువైపోయాయి, మిగతావన్నీ చదువు రానివాళ్లు చేరే చోట్లయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాకా పెరిగిన రోజుల్లో మా హెచ్‌ఈసీ గది ఖాళీ అవుతూ వచ్చింది. నేను చేరినప్పుడు బెంచీలు చాలక కిటికీల్లో కూర్చునేవారు. నేను దిగిపోయిన ఏడాది హాజరుపట్టీలో పదకొండు పేర్లు. ఆ పదకొండుమందిలో ఇద్దరు ముగ్గురు బంగారంలాంటి పిల్లలు. "ఏం చదువుతున్నావమ్మా" అని ఎవరైనా అడిగితే తల దించుకుని చెప్పేవాళ్లు. నా సబ్జెక్టు పేరు చెప్పడానికి ఒక పిల్ల సిగ్గుపడటం చూసి ఎంత బాధపడ్డానో నాకే తెలుసు.

ఇప్పటి హాస్టల్ రోజు ఎలా గడుస్తుందో మా మనవడు చేరాక దగ్గరగా చూశాను. పొద్దున ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్, మధ్యలో క్లాసులు. స్లిప్ టెస్టులు, వారాంతం టెస్టులు. టెస్టు మార్కుల్ని బట్టి బ్యాచ్ మారుతుంది. కింది బ్యాచ్‌కి పడ్డవాడు పై బ్యాచ్ స్నేహితుడితో అన్నం దగ్గర కూర్చోవడం మానేస్తాడట. కొన్ని స్కూళ్లలో ఆరో తరగతినుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. పదకొండేళ్లవాడు. వాడి ఒంటికి ఏ చొక్కా సరిపోతుందో ఏటేటా మారిపోతుంటుంది, వాడి బుద్ధికి ఏది సరిపోతుందో మాత్రం అప్పుడే తేల్చేస్తున్నారు.

సెకండ్ లాంగ్వేజ్ దగ్గర నాకు మరీ కష్టమనిపిస్తుంది. ఏళ్ల తరబడి మన పిల్లలు వేలకు వేలమంది ఇంటర్లో సంస్కృతం తీసుకున్నారు. ఆ భాష మీద మక్కువతో తీసుకుంటే చేతులెత్తి మొక్కేవాణ్ణి. మార్కులు దండిగా పడతాయని తీసుకున్నారు. ఎక్కువమంది దేవనాగరి కూడా నేర్చుకోకుండానే తెలుగు లిపిలోనో ఇంగ్లీషు లిపిలోనో జవాబులు రాసి గట్టెక్కారు. అటు సంస్కృతం రాలేదు, ఇటు తెలుగు పోయింది. దీన్ని కూడా ఐచ్ఛికం అనే అన్నారు. ఐచ్ఛికమంటే ఇచ్ఛ ఉండాలి కదా? అక్కడ ఎవరి ఇచ్ఛ ఉంది?

ఈ ఒత్తిడికి తట్టుకోలేక పోయిన పిల్లల గురించి రాయాలంటే చెయ్యి ఆడదు. 2001లోనే మన ప్రభుత్వం ఇంటర్ పిల్లల ఆత్మహత్యల మీద నీరదారెడ్డి కమిటీని వేసింది. అంటే పాతికేళ్ల కిందటే పెద్దలకి తెలుసు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత కొద్ది రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి 2023లో చనిపోతే, ఆ కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొద్దనీ, నలుగురిలో అవమానించొద్దనీ, పిల్లలకీ తల్లిదండ్రులకీ కూడా ఏ చదువు ఎటు తీసుకెళ్తుందో చెప్పే సలహాదారులుండాలనీ అందులో ఉంది. చదివి సంతోషించాను. మావాడి కాలేజీలో బ్యాచ్‌లు అలాగే ఉన్నాయి. నా పీయూసీ రోజుల్లో తప్పినవాడికి సెప్టెంబరు ఉండేది, పొలం ఉండేది, లైబ్రరీ ఉండేది, "తప్పితే తప్పావులే" అనే నాన్న ఉండేవాడు. ఈ పిల్లలకీ సప్లిమెంటరీ పరీక్ష ఉంది. ఆ మాట అనేవాళ్లే కరువయ్యారు.

ఇంత చెప్పి మా రోజులు బంగారం అంటే అబద్ధమవుతుంది. మా చెల్లి నాకంటే లెక్కల్లో నాలుగు రెట్లు చురుకు. నేను పలక మీద కుస్తీ పడుతుంటే పక్కనుంచి జవాబు చెప్పేది. ఐదో తరగతితో ఆపేశారు. హైస్కూలు కాలువ అవతల ఊళ్లో, ఆడపిల్లని ఒంటరిగా గట్టు దాటించం అన్నారు. నాతో "చదివేది నువ్వు" అన్న ఆ నాన్నే దాన్ని ఒక్క మాట అడగలేదు. నేను గొప్పగా చెప్పుకునే ఆ వారం రోజుల ఆలోచన మా చెల్లికి ఒక్క పూట కూడా దక్కలేదు. నేనప్పుడు దానికోసం నోరు విప్పలేదు. ఆ తప్పు నాది. మాలపల్లెనుంచి నాతో ఒకటో తరగతిలో చేరిన ఏడుగురిలో పదకొండో తరగతి దాకా వచ్చినవాడు ఒక్కడు. వాళ్లకి కాంపోజిటూ జనరలూ ఏమిటి, రెండు పూటలా అన్నమే ప్రశ్న. 1971లో సర్వేలులో గురుకులం మొదలై, తర్వాత అలాంటివి అన్ని జిల్లాల్లోకీ వచ్చి, ఆ పల్లెల పిల్లలు ఈరోజు డాక్టర్లూ కలెక్టర్లూ అవుతున్నారంటే అది ఈ రోజుల గొప్పే. మా చెల్లి మనవరాలు స్కూటీ మీద కాలేజీకి వెళుతుంటే వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను. ఆ విషయంలో మా రోజులు తిరిగి రావాలని నేను కలలో కూడా కోరుకోను.

అందుకే నాకు మరీ దుఃఖం. గట్టు దాటడానికి అందరికీ వంతెన వేసుకున్నాం. ఇంత కష్టపడి వేసుకుని, అవతలి ఒడ్డున రెండే రెండు తలుపులు పెట్టాం.

ప్రభుత్వాలు చూడటం లేదని కూడా అనను. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి ఇంటర్లో లెక్కలూ బయాలజీ రెండూ కలిపి చదువుకునే వీలు ఇచ్చారు. ఇంగ్లీషు తప్పనిసరి, రెండో సబ్జెక్టుగా భాషైనా ఇంకో పాఠమైనా ఎంచుకోవచ్చన్నారు. ఆ కొత్త పద్ధతిలో తెలుగు ఏమైపోతుందోనన్న బెంగ ఒక పక్క ఉన్నా, ఎంపీసీ పిల్లవాడు చరిత్ర కూడా చదువుకోవచ్చు కదా అని నాకు ఆశ పుట్టింది. మావాడి కాలేజీ ఆఫీసుకి వెళ్లి అడిగాను. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "రూల్లో ఉంది సార్. మా దగ్గర చెప్పేవాళ్లు లేరు. పైగా మన బాబుకి దానివల్ల ర్యాంకులో ఏం కలుస్తుంది?" మళ్లీ అడగడానికి నా దగ్గర మాట లేకపోయింది. కాగితం మీద ఇచ్చిన స్వేచ్ఛకి ఒక మాస్టారు కావాలి, ఒక గది కావాలి, వారంలో రెండు గంటలు కావాలి. అవి లేని చోట జీవో ఎంత మంచిదైనా పిల్లవాడి దాకా రాదు.

ఇంగ్లీషు మీడియం గొడవలోనూ ఇదే చూశాను. సర్కారు బళ్లన్నీ ఇంగ్లీషు మీడియమే అని 2019లో ఆంధ్ర ప్రభుత్వం జీవోలిచ్చింది. ఏ భాషలో చదవాలో ఎంచుకునే హక్కు పిల్లలదీ తల్లిదండ్రులదీ అని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఇంగ్లీషు కావాలన్న పేద తల్లి ఆశని నేను తప్పు పట్టను, నా పిల్లల్ని నేనూ ఇంగ్లీషులోనే చదివించాను. కానీ ఎంచుకోవాలంటే రెండూ ఉండాలి, రెండూ బాగుండాలి. తెలుగు సెక్షన్‌ని పాడుపెట్టి, ఆ తర్వాత ఏది కావాలని అడిగితే ఏ తల్లి మాత్రం ఏం చెబుతుంది?

మావాడు జూన్‌లో హాస్టల్లో చేరాడు. చేరేముందు ఒక వేసవి పొద్దున వాణ్ణి భట్టిప్రోలు తీసుకెళ్లాను. ఈసారి ఆటోలో, నా మోకాళ్లు నడవనివ్వవు. దిబ్బ మీద నిలబెట్టి మా మాస్టారు చెప్పినట్టే చెప్పాను. ఇంటికొచ్చి, నా పాత పుస్తకంలో ఆ పెట్టెల మీది అక్షరాలు చూసి, నోటుబుక్కులో ఒక్కొక్కటీ దించుకున్నాడు. "ఈ 'మ' తలకిందులుగా ఉందేంటి తాతయ్యా?" అన్నాడు. భట్టిప్రోలు లిపిలో అక్కడే పండితులు కూడా ఆగుతారు. వాడికి ఎవరూ చెప్పలేదు, వాడి కంటికే పడింది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఆ పుస్తకం వాడితో పంపించాను. మొదటి ఔటింగ్ ఆదివారానికే వెనక్కి వచ్చింది. సిలబస్‌వి కానివి గదిలో ఉండకూడదట, ఫ్లోర్ ఇన్‌చార్జి తీసి ఆఫీసులో పెట్టాడు, నేను సంతకం చేసి తెచ్చుకున్నాను. గేటు దగ్గర మావాడు ఏమీ అనలేదు. వాళ్లమ్మ తెచ్చిన డబ్బా తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి వార్డెన్ ఫోన్ నుంచి చేశాడు. వాళ్లకి మాట్లాడటానికి రెండు నిమిషాలిస్తారు. వాళ్లమ్మతో ఒక నిమిషం, నాన్నతో టెస్టు మార్కులు కాసేపు అయ్యాక, తాతయ్యకి ఇవ్వమన్నాడు.

"పుస్తకం ఇంట్లోనే ఉందా?"

"ఉందిరా, నా బల్ల మీదే ఉంది."

"నూట పన్నెండో పేజీలో ఆగాను తాతయ్యా. లోపల బస్ టికెట్ పెట్టాను. తియ్యకు."

తియ్యలేదు.